అఖాతం ఒడ్డున ఫోటో

ఆఫ్రికా పక్కనున్న ప్రిన్సిపే దీవిలో, ఒకప్పుడు కోకో తోట ఉన్న అఖాతం ఒడ్డు ఇప్పుడు హోటలైపోయింది. డెబ్బై ఆరేళ్ళ ముసలావిడ డొమింగస్ దాన్ని చూడాలని వస్తే, గేటు దగ్గర కాపలాదారు అన్సెల్మో ఆపేశాడు.

“హోటల్లో దిగినవాళ్ళకే దారి, అమ్మమ్మా.”

“పదకొండేళ్ళు ఇక్కడే కోకో గింజలు ఎండబెట్టాను నాయనా. ఒక్కసారి చూసి పోతాను.”

అన్సెల్మో లోపలికి ఒకసారి తొంగిచూశాడు. “పాతకాలపు కూలీలతో ఫోటో దిగాలని లోపల ఒక దొర సరదా పడుతున్నాడు. నవ్వుతూ నిలబడతానంటే రా.”

ఆమె ఒప్పుకుంది. ఇసుకలో మాత్రం నిలబడనంది. దొరను సీమపనస చెట్టు కిందికి తీసుకెళ్ళి, పక్కన నిలబడి నిండుగా నవ్వింది.

ఫోటో అయ్యాక అన్సెల్మో విసుక్కున్నాడు. “ఇక్కడ్నుంచి సముద్రమైనా కనబడదు. ఈ చోటే ఎందుకు?”

డొమింగస్ వంగి నేలమీద అరచెయ్యి ఆనించింది.

“నా పెద్దపిల్ల ఇక్కడుంది. పూడ్చిన రోజు మేస్త్రీ ఏడవనివ్వలేదు, పనికి లెమ్మన్నాడు. తోట వదిలాక మళ్ళీ రావడం ఇదే.”

“ముందే చెప్పొచ్చుగా?”

“చెబితే రానిచ్చేవాడివా?”

ఇంకొక్క ఫోటో అంటూ దొర చెయ్యి ఊపాడు. ఆమె లేచి, మళ్ళీ నవ్వింది.