కనీస వెర్షన్

"ఆండ్రాయిడ్ ఎనిమిదికి కింద ఉన్న ఫోన్లన్నీ తీసెయ్," అన్నాడు సునీల్‌కుమార్, తలెత్తకుండానే.

రుచితకు ఒళ్లు మండింది. "తీసెయ్ అంటే ఏందన్నా? గుమ్మడిదలల మా నానమ్మ రాజవ్వ ఫోన్ల ఆండ్రాయిడ్ ఏడే ఉన్నది. ఇంటి వెనకనే మందుల కంపెనీ. గ్యాస్ లీకైతే ఆమెకెవరు చెప్తరు?"

పటాన్‌చెరులో, ఒక మెడికల్ షాపు పైన రెండు గదుల ఆఫీసు వాళ్లది. ఫ్యాక్టరీల పక్కనున్న ఊళ్లలో గ్యాస్ లీకైతే జనం ఫోన్లలో అలారం మోగించే యాప్ చేస్తారు. మోగించే పని మాత్రం లైబ్రరీది, అంటే బయటివాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్‌ది. ఆండ్రాయిడ్ అయినా, ఐఫోన్ అయినా అదే మోగిస్తుంది. దాని కొత్త వెర్షన్ పాత ఫోన్లను వదిలేసింది. కొత్తదానికి మారాలా, పాతదాన్నే పట్టుకుని వేలాడాలా అన్నది సాయంత్రంలోపు తేలిపోవాలి.

ఈ ఊళ్లలో కొత్త ఫోను డ్యూటీకి పోయేవాళ్లది. దాన్ని కూడా ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీకి అప్పజెప్పి లోపలికి పోవాల్సిందే. పాతబడ్డది ఇంట్లో ముసలివాళ్ల చేతికి వస్తుంది. తీసేసేది ఎవరినో రుచితకు బాగా తెలుసు. అందుకే ఉండబట్టలేకపోయింది.

"హైటెక్ సిటీల అంత పెద్ద కొలువు ఇడిసిపెట్టి ఈడికెందుకొచ్చినవో ఎవరికీ సమజ్ కాదు. వచ్చి మా ముసలోళ్ల మీద పడ్డవు! నీ ఇంట్ల ఒక ముసలామె ఉంటే తెలుస్తుండె."

సునీల్‌కుమార్ తలెత్తాడు. సొరుగు తీసి ఒక ఫోను బల్ల మీద పెట్టాడు. అద్దం పగిలింది, కవరుకు పసుపు మరకలు. దానికి రోజూ తనే చార్జింగ్ పెడతాడు, ఇంకొకరిని ముట్టనివ్వడు. టెస్టింగ్ కోసం ఎక్కడో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడని ఆఫీసులో అనుకుంటారు.

"ఇందుల మన యాప్ ఉన్నది. అలారం పంపు."

రుచిత పంపింది. ఆమె ఫోను గది దద్దరిల్లేలా మోగింది. బల్ల మీదిది కిక్కురుమనలేదు.

"జెరసేపు ముట్టకుంటే నిద్రపోతది," అన్నాడు. "యాప్ తెరిస్తే మాత్రం అంతా బాగున్నదని పచ్చగ చూపిస్తది."

"అయితేంది? అప్పుడప్పుడన్న మోగుతది గదా. అసలు లేనిదానికన్న నయమే గదా!"

"నయం కాదు రుచితా. ఫోన్ల అలారం లేదని తెలిస్తే మనిషి పక్కింటోళ్లను అడుగుతది, చెవి బయట పెట్టుకుంటది. ఉన్నదనుకుంటే? వాసనొచ్చినా, ఫోను మోగలేదు గదా అని ఇంట్లనే కూసుంటది. జల్దీ మీ నానమ్మ తాన పో. ఇది మోగదని మొకం మీదనే చెప్పు. మోగే ఫోను చేతిల పెట్టు. మిగిలినోళ్ల ఇండ్లకు నేను పోత."

రుచిత తెర మీద 'కనీస వెర్షన్' అన్న గడి తెరిచింది. అందులో ఉన్న ఏడు చెరిపి ఎనిమిది కొట్టింది.

సునీల్‌కుమార్ పగిలిన ఫోనును రుమాలుతో తుడుస్తున్నాడు. పసుపు మరకల జోలికి మాత్రం పోలేదు.

"అన్నా," అంది రుచిత, ఈసారి మెల్లగా. "వాసనొచ్చినా కూసుంటరని నీకెట్ల ఎరుక?"

"గీ ఫోను పట్టుకొని మా అమ్మ గట్లనే కూసున్నది."