ఆ ఒక్క సున్నా

రేపు మా అన్న కూతురికి పదో తరగతి లెక్కల పరీక్ష. వారం రోజులుగా సాంఖ్యక శాస్త్రం నూరిపోస్తున్నాను. ఆ బుర్రలోకి దిగితేగా!

"ఏవైనా ఏడు సంఖ్యలు రాయవే, మొద్దూ."

నోటు పుస్తకం చివరి పేజీ తెరిచి, మూలన ఒక గీత గీసింది. పిచ్చిగీతలకైతే ఎక్కడలేని తీరిక మహారాణికి. తర్వాత రాసింది: 12, 9, 12, 0, 11, 14, 12.

"సగటు?"

"పది, బాబాయ్."

"మధ్యగతం?"

నడుమనున్న అంకె మీద వేలు పెట్టింది. "సున్నా."

"చిన్నదాన్నుంచి పెద్దదాని దాకా వరసలో పెట్టాకే కదే నడుమది తీసుకోవాలి, మొద్దూ!"

మూలన మరో గీత గీసి, సంఖ్యల్ని వరసగా రాసుకుంది. "పన్నెండు."

"ఈ రెంట్లో దేన్ని నమ్మాలి?"

నేనే చెప్పాల్సి వచ్చింది, నా ఖర్మ.

"ఆ ఒక్క సున్నా సగటును కిందికి లాగేసింది. దాన్ని చూసి మోసపోకూడదు. మధ్యగతాన్నే నమ్మాలి. బుర్రకెక్కిందా, మొద్దూ?"

"ఎక్కింది, బాబాయ్." మూడో గీత గీసింది.

"ఇంతకీ ఎక్కడివే ఈ సంఖ్యలు?"

"పోయిన ఏడు రోజుల్లో, రోజుకి ఎన్నిసార్లు మీరు నన్ను మొద్దు అన్నారో, అవి."

గబుక్కున ఆ సున్నానే పట్టుకున్నాను.

"చూశావా, ఒకరోజు అసలు అననే లేదు!"

"ఆ రోజు జలుబుతో మీకు గొంతు పెగల్లేదు, బాబాయ్."