తాబేలు కట్టిన లెక్క

మనుషులు ఎగరేసిన ఉపగ్రహమొకటి పాడై, ముక్కలై అడవి మీదికి రాలబోతోందని గద్ద చెప్పిపోయింది. గడ్డిలో రెండు రోజుల పిల్లల్ని పెట్టుకున్న కుందేలు ఆ మాట వినగానే లెక్కలు తెలిసిన తాబేలు దగ్గరికి పరుగెత్తింది.

"మామా, మాకేమైనా ప్రమాదమా?"

తాబేలు కోతిని పిలిచి, తన డిప్ప మీద రాయి వేయించుకుని చూసింది.

"టక్కుమంది, అంతే! ప్రమాదం సున్నా. హాయిగా పడుకో తల్లీ."

"నా పిల్లలకి డిప్ప లేదు కదా మామా!"

"ఒక్కొక్కరి వీపూ తడుముతూ కూర్చుంటే లెక్క తేలుతుందా, పిచ్చిదానా?"

కుందేలు పిల్లల్ని ముళ్లపంది బొరియలోకి మోసుకెళ్లింది. మర్నాడు పొద్దున్నే, చుక్క రాలినంత అందంగా, మూకుడంత ఇనుపముక్క ఆ గడ్డి పడక మీదే పడి దాన్ని మసి చేసింది.

తాబేలు తీరిగ్గా వచ్చి, అటూ ఇటూ చూసి తలెగరేసింది.

"చూశావా? ఎవరికైనా గోరంత దెబ్బ తగిలిందా? నా లెక్కంటే లెక్కే!"