థర్మామీటరు ఎత్తు

తెల్లవారేసరికి షెడ్డులో మరికొన్ని కోడిపిల్లలు చచ్చిపడి ఉన్నాయి.

"వేడి సరిగ్గానే ఉంది కదా అత్తయ్యా," అంది కోడలు, తన కంటి ఎత్తున స్తంభానికి కట్టిన థర్మామీటరు చూస్తూ. "మరెందుకిలా ఒకదాని మీదొకటి ఎక్కి నలిగిపోతున్నాయి?"

"చలేస్తోందేమోనే."

"మీకు మండువేసవిలోనూ చలే. ఇంట్లో హీటరు పెట్టినా అదే పాట."

అత్తయ్య నవ్వింది. పిల్లలు మళ్లీ మూలకు గుట్టపడ్డాయి. అడుగునున్నవి కీచుమంటున్నాయి. వాటిని విడదీయడానికి కోడలు నేలంతా పరిచిన ఊకపొట్టు మీద బోర్లా పడుకుంది. చెంపకు చల్లగా తగిలింది. లేచి, దారం తెంపి, థర్మామీటరును ఆ పొట్టు మీదే పెట్టింది. ఎర్రగీత గబగబా దిగింది. పైన వేలాడుతున్న హీటర్ల వేడంతా పైకప్పు దగ్గరే ఉండిపోయింది.

ఇద్దరూ హీటర్లను మోకాలి ఎత్తుకు దించారు. కాసేపటికి గుట్ట విడిపోయి, పిల్లలు మేత వైపు కదిలాయి.

"గండం గడిచిందే," అంది అత్తయ్య.

కోడలు థర్మామీటరు పట్టుకుని ఇంటికి నడిచింది. హాల్లో హీటరు బీరువా పైన ఉంది. కింద, గచ్చు మీద, అత్తయ్య పడుకునే చాప. దాని మీద థర్మామీటరు పెట్టి పక్కనే కూర్చుంది.

"అక్కడ కోడిపిల్లలు లేవు కదే," అంది అత్తయ్య గుమ్మంలోంచి.

ఎర్రగీత ఇంకా దిగుతూనే ఉంది.