లైను ఖాళీగ ఉండాలె

స్వర్ణలతకు ఒంటికి కారం రాసుకున్నట్టుంది.

శంషాబాద్‌లో ఆమె సకినాల దుకాణం పేరు ‘శివమ్మ’. అత్తగారి పేరే. విమానం ఎక్కేవాళ్లు డబ్బాలకు డబ్బాలు కొనుక్కుపోతారు. పేరుకు ట్రేడ్‌మార్క్ కూడా వచ్చింది. తీరా ఆన్‌లైన్‌లో అమ్ముదామని చూస్తే, ఆ పేరుతో సైటు ఎవడో ముందే పట్టుకు కూర్చున్నాడు.

సైటులో సరుకు లేదు, బొమ్మ లేదు. ‘దయచేసి ఫోన్ చేయండి’ అని ఒక్క నంబరు.

"అమ్ముకోవడానికే మేడమ్," అంది లాయరు అనుపమ. "ఇలాంటివాళ్లను రోజూ చూస్తుంటాను. ఒకసారి అడిగి చూడండి."

స్వర్ణలత ఫోన్ కలిపింది. రింగు పూర్తికాకముందే ఎత్తాడు.

"ఎక్కడున్నరు? ఇప్పుడే వస్తా!"

అబ్బ, ఎంత ఆత్రమో!

"శంషాబాద్‌ల. శివమ్మ సకినాల దుకాణం నాది. ఆ సైటు ఎంతకిస్తవన్నా?"



"అమ్మేది కాదక్కా. ఎంతిచ్చినా ఇయ్య. జర ఫోన్ పెట్టెయ్యి, లైను ఖాళీగ ఉండాలె."

అతనే పెట్టేశాడు.

"చూశారా, వేరే బేరం నడుస్తోంది," అంది అనుపమ. "నడవనివ్వండి. మార్కు మనది. ఆ పేరుతో వ్యాపారమేమీ చేయకుండా పట్టుకు కూర్చుంటే దురుద్దేశం కిందకే వస్తుంది."

సైటు పేర్ల తగాదాలు తీర్చే ఆర్బిట్రేటర్ ముందు ఫిర్యాదు వేశారు. నోటీసులు మెయిల్‌లో వెళ్లాయి. మామిడిపల్లి దశరథం అనే ఆ మనిషి ఒక్కదానికీ జవాబివ్వలేదు. తీర్పు స్వర్ణలత వైపే వచ్చింది. సైటు చేతికి రాగానే అతని నంబరు తీసేసి, సకినాల ఫొటోలు, దుకాణం నంబరు పెట్టించింది.

"పీడ వదిలింది పో!" అని ఆ రోజు దుకాణానికొచ్చిన వాళ్లందరికీ ఊరికే సకినాలు పంచింది.

కొన్నాళ్లకు ఓ మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"సకినాల దుకాణమేనా? బుద్వేల్ దిక్కు దవాఖాన నుంచి మాట్లాడుతున్న. రోడ్డు మీద పడిపోయిందని ఒక ముసలమ్మను తెచ్చిన్రు. మతి లేదు, పేరు గిట్ల చెప్పలే. చేతి పట్టీ మీద కోడ్ ఉంది. స్కాన్ చేస్తే మీ సైటే వస్తున్నది."

"మా సైటా? పట్టీ ఏంది?"

"గదే అక్కా, తప్పిపోయేటోళ్లకు ఇంట్లోళ్లు కడ్తరు గద. స్కాన్ చేస్తే ఇంటి నంబరు రావాలె. మొన్న తెచ్చినప్పుడే చేసినం, సకినాలొచ్చినయి. ఏదో అడ్వర్టైజ్‌మెంట్ అనుకొని ఇడిచిపెట్టినం." అవతలి గొంతు తగ్గింది. "పొద్దున పానం పోయింది. మీకేమన్న ఎరుకేమో అని చేస్తున్న."

స్వర్ణలతకు తాను సైటులోంచి తీసేయించిన నంబరు గుర్తొచ్చింది. ఎంత పని చేసిన! ఎంత పని చేసిన తల్లీ!

ఆ ఒక్క నంబరు ఆమె ఫోన్‌లో ఇంకా ఉంది. వెతికి నొక్కింది.

రింగు పూర్తికాకముందే దశరథం ఎత్తాడు.

"ఎక్కడున్నరు? ఇప్పుడే వస్తా! మా అమ్మ, శివమ్మ, మంచిగున్నదా?"