చిన్నవి ముందు కలుపు

మెయిలు వచ్చేసరికి తొందరబాబు నోట్లో పళ్లు తోముకునే బ్రష్షు ఉంది.

‘మీ ప్రాజెక్టు ఎంపికైంది.’

నురగ తెర మీద చిందేలా కేక పెట్టాడు. చొక్కా చేత్తో తెర తుడిచి మళ్లీ చదివాడు. కల కాదు. ప్రపంచమంతా ఉచితంగా వాడుకునే ఒక గణిత సాఫ్ట్‌వేర్‌ను బాగుచేయడానికి ఏటా కొందరు విద్యార్థులను ఎంచుకుంటారు. ఈసారి ఆ కొందరిలో అతనొకడు.

“ఏయ్ దశాంశం! వచ్చేసిందే!”

దశాంశం అతని భార్య. కూరలో ఉప్పయినా, కాగితం మీద లెక్కయినా రవ్వంత తేడా రానివ్వదని కాలేజీలోనే అతను పెట్టిన పేరు. దానికి బదులుగా ఆమె పెట్టిందే తొందరబాబు.

సాఫ్ట్‌వేర్‌లో తప్పు పట్టింది ఆమె. సరిదిద్దడం మొదలుపెట్టిందీ ఆమే. ముగింపు మాత్రం మొగుడికి వదిలిపెట్టింది.

“మొదలుపెట్టడం నా వంతు. ముగించడం నీ వంతు. నేను వండితే నువ్వు గిన్నెలు తోమవూ? అలాగే. ఇందులో ఏడవడానికేం లేదు.”

గడువు మూడు నెలలు. ఆలోగా కాకపోతే ఇద్దరి శ్రమా బుట్టదాఖలే. అయితే మాత్రం, ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల పట్టికలో ఇద్దరి పేర్లూ పక్కపక్కనే పడతాయి. శుభలేఖ తర్వాత అలా పడబోయే రెండో చోటు అదే. తొందరబాబుకు కావలసింది అదొక్కటే.

ఆ పూటే కూర్చున్నాడు. కిటికీ పక్కన బల్ల. దాని మీద అంచు విరిగిన పచ్చ మగ్గు, మగ్గు నిండా ఆమె పెన్సిళ్లు. పైన కిర్రుమనే ఫ్యాను.

తప్పు చూడ్డానికి చీమంత. ఒక పెద్ద సంఖ్యకు లక్ష చిన్న సంఖ్యలు ఒక్కొక్కటే కలుపుకుంటూ పోతే, చివరి మొత్తంలో ఆ చిన్నవేవీ ఉండటం లేదు. కంప్యూటర్ కొన్ని అంకెలే గుర్తుంచుకుంటుంది. మిగతావి రాలిపోతాయి.

“ఎక్కడికి పోతాయే అవి?” అని గొణిగాడు.

“ఎక్కడికి పోతాయని అడుగుతావు కదూ? ఎక్కడికీ పోవు. పెద్దదాని పక్కన నిలబెడితే చిన్నవి కంటికి ఆనవు, అంతే. అందుకే చిన్నవి ముందు కలుపు. అవన్నీ చేరి కాస్త కండ పట్టాక, అప్పుడు పెద్దదాని దగ్గరికి తీసుకెళ్లు.”

అతను తెరకేసి తలూపాడు. ఎప్పుడూ ఇంతే. అతను ఏం అడగబోతాడో ఆమెకు ముందే తెలిసిపోతుంది.

“ఇక్కడికొచ్చేసరికి నీకు విసుగొస్తుంది. లేచి మంచినీళ్లు తాగిరా.”

అతను లేవలేదు. పని ముందుకు సాగించాడు.

“తాగలేదు కదూ? నాకు తెలుసు. లే మహానుభావా!”

పకపకా నవ్వుతూ లేచాడు.

గుమ్మంలో అక్క. కింది వాటాలో ఉంటుంది. చేతిలో టిఫిను డబ్బా.

“ఏంట్రా, నీ నవ్వు మెట్ల దాకా వినిపిస్తోంది?”

“దశాంశం జోకేసిందక్కా.”

అక్క గదిలోకి తొంగి చూసింది. అడుగు మాత్రం లోపల పెట్టలేదు. ఈ మధ్య అసలు పెట్టడమే లేదు.

“చల్లారిపోతుంది, తినెయ్. ఆ కిటికీ కాస్త తెరిచి ఉంచరా. నాకేదో భయంగా ఉంది.”

“ఎందుకే?”

“ఏమో.” డబ్బా గడప మీదే పెట్టి గబగబా మెట్లు దిగిపోయింది.

వారాలు గడిచాయి. తిట్లు, ఎత్తిపొడుపులు, మధ్యమధ్య ముద్దుమాటలు. “ఇక్కడ భాగహారం పెట్టావంటే నీకూ నాకూ చెల్లు” అంది ఒకరోజు. అతను అప్పటికే పెట్టేశాడు. దొంగలా తీసేశాడు. భుజం మీంచి ఎవరో చూస్తున్నట్టు అనిపించి మెడ తిప్పాడు. పచ్చ మగ్గు మీద ఎండ పడి ఉంది. అంతే.

ఒక మధ్యాహ్నం ఆమె మాట మరీ పొట్టిగా వచ్చింది.

“నిద్రొస్తోంది. ఇక్కడి నుంచి నువ్వే.”

ఆ తర్వాత ఎంత బతిమాలినా పలకలేదు. ఫ్యాను కిర్రుమనడం ఒక్కటే.

మిగతాది అతనే రాశాడు. తొమ్మిది రోజులు. పేరుకు తగ్గట్టు కాకుండా, నింపాదిగా. పదోరోజు పొద్దున ప్రోగ్రాముకు పరీక్షలు పెట్టాడు. రెండు వందల పద్నాలుగు. ఒక్కటీ తప్పలేదు. రాలిపోయిన చిన్న సంఖ్యలన్నీ బుద్ధిగా వచ్చి మొత్తంలో కూర్చున్నాయి.

“వచ్చేశాయే! ఒక్కటి కూడా పోలేదు!” అని ఖాళీ గదిలో గంతేశాడు.

సాయంత్రం వీడియోలో గైడు కనిపించింది. ప్రాజెక్టు మంచిచెడ్డలు చూసే పెద్దావిడ.

“లెక్క బ్రహ్మాండంగా ఉంది బాబూ. చేర్చుకుంటున్నాం. ఇద్దరి పేర్లూ వేస్తాం. కానీ ప్రోగ్రాము ఫైలు ఇలా ఉంటే కుదరదు. పదిమందికి పనికొచ్చేది ఉంచి మిగతాది తీసెయ్యాలి. రేపటితో గడువు.” కళ్లజోడు తీసి తుడుచుకుంది. “నీకు కష్టమైతే చెప్పు. నేను చేస్తాను.”

“వద్దు మేడమ్. ముగించడం నా వంతు.”

రేపు పొద్దున్నే కూర్చుని, ‘చిన్నవి ముందు కలుపు’ అన్న ఒక్క లైను ఉంచి, పోయిన చలికాలం ఆసుపత్రి మంచం మీద కన్నుమూసే ముందు దశాంశం ఆ ప్రోగ్రాము లైన్ల మధ్య మొగుడి కోసం టైపు చేసిపెట్టిన మిగతా మాటలన్నీ తన చేత్తోనే చెరిపేస్తానని తొందరబాబు గైడుకు మాటిచ్చాడు.