చిన్నగుట్ట జట్టు గెలుపు

పిల్లను పెంచుకోవడానికి ఎక్కడో దూరం నుంచి చిన్నగుట్టకు వలస వచ్చింది ఒక తల్లి ముంగిస. వాసన చూడనిదే దేన్నీ నమ్మేది కాదు.

ఒక సాయంత్రం పిల్ల ముంగిస మెడలో తంగేడు పూల దండతో గెంతుకుంటూ వచ్చింది.

“అమ్మా! వెలగకాయ దొర్లించే ఆటలో అడవి మొత్తానికీ మా జట్టే మొదటిది!”

తల్లి దండను వాసన చూసింది. “ఎవరితో ఆడారు?”

“వాగు గట్టు వాళ్లతో, పుట్టల దగ్గరి వాళ్లతో.”

“మరి పెద్దకొండ వాళ్లతో?”

“వాళ్లు రాలేదు.”

“అయితే అడవి మొత్తానికీ అని ఎవరన్నారు?”

“మేమే అనుకున్నాం,” అంది పిల్ల గొంతు తగ్గించి.

“దండ తీసెయ్ నాన్నా. రేపు నిన్నెవరైనా అబద్ధాలకోరు అంటే నేను తట్టుకోలేను.”

పిల్ల కళ్లనీళ్లతో దండ తీసింది. “పెద్దకొండ వాళ్లూ ఏటా అడవి మొత్తానికీ మేమే మొదటివాళ్లం అంటారు కదమ్మా. చిన్న గుంపులని మమ్మల్ని ఆటకే పిలవరు. మరి ఆ మాట వాళ్లతో ఎవరన్నారు?”

తల్లి మూతి ఎత్తి పెద్దకొండ వైపు చాలాసేపు వాసన చూసింది. తర్వాత దండను మళ్లీ పిల్ల మెడలో వేసింది.

“వాగు గట్టు వాళ్లనూ పుట్టల దగ్గరి వాళ్లనూ గెలిచామని చెప్పు. అంతవరకు నిజం. మిగతా అడవి సంగతి, వాళ్లు కొండ దిగి వచ్చి ఆడాక చూద్దాం.”